కిందికి వేస్తే ఆన్

ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో యుద్ధవిమానాలు నడిపేవాళ్ల కోసం కాక్‌పిట్లు తయారుచేసే పనిలోకి మీలాంటి పిల్లలు చాలామంది వస్తున్నారని విన్నాను. సంతోషం. మా రోజుల్లో ఈ పనికి పేరు కూడా లేదు. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "ప్యానెల్ బోర్డులు" అని చెప్పి ఊరుకునేవాణ్ని. ఎగరని విమానానికి సీటు, స్టిక్కు, స్విచ్చులు చేస్తున్నానంటే చుట్టాలు నవ్వుతారని భయం. ఒకసారి మా బావమరిదితో నోరు జారాను. అప్పటినుంచి పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా "ఏం బావా, విమానం లేసిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

మా వర్క్‌షాప్ నాచారంలో, మందుల కంపెనీల వెనక ఒక రేకుల షెడ్డులో ఉండేది. ఆ కంపెనీల యంత్రాలకు కంట్రోల్ ప్యానెళ్లు చేయడం అసలు పని. నేను అక్కడే సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. ఏఎస్ రావు నగర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చి, తన ఆట కోసం స్విచ్చుల పెట్టె ఒకటి చేయించుకుపోవడంతో ఈ కాక్‌పిట్ల వ్యవహారం మొదలైంది. అతను వెళ్లి స్నేహితులకు చెప్పాడు, వాళ్లు వచ్చారు. ప్లైవుడ్డుతో గూడు, అల్యూమినియం రేకుతో ప్యానెల్, స్టిక్కు కింద స్ప్రింగులు. చూడ్డానికి తేలిక. స్ప్రింగు ఎంత బిగువుగా ఉండాలన్న దగ్గరే ఒక్కో కస్టమర్ మా ప్రాణం తీసేవాడు.

వైరింగ్ అంతా ఒక్క మనిషి చేతి మీద నడిచేది. జనగామ వైపు నుంచి వచ్చినవాడు. అతను కట్టిన వైర్ల కట్ట చూస్తే జడ అల్లినట్టు ఉండేది. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. ఒక మందుల కంపెనీ మేనేజరుతో ఎర్త్ వైరు గురించి వాదించి, ఆయన చేత కాఫీ కప్పు కింద పెట్టించి బయటికి పంపించాడు. ఆ ఆర్డరు పోయింది. అప్పటినుంచి కస్టమర్ వస్తున్నాడంటే నేను అతన్ని టీ తాగి రమ్మని పంపించేవాణ్ని. అతనికీ తెలుసు ఎందుకు పంపుతున్నానో. "ఎవలొస్తున్నరన్నా?" అని అడిగి, నవ్వుకుంటూ పోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఒకామె ఉప్పల్ నుంచి ఆటోలో దిగారు. టీచరుగా చేసి రిటైరైన మనిషి, గుంటూరు వైపు మాట. మేనల్లుడు ప్రింటు తీసి ఇచ్చిన ఫోటోలు సంచిలో పెట్టుకుని వచ్చారు. ఆపి ఉంచిన పాత రష్యన్ ఫైటర్ విమానానికి నిచ్చెన వేసి, పైనుంచి తీసిన లోపలి ఫోటోలు అవి. "ఇది అచ్చం ఇలాగే కావాలి అన్నయ్యగారూ. ఆయన కనిపెట్టేస్తారు," అన్నారు.

ఆయన అంటే ఆమె భర్త. వరంగల్లు మనిషి. వాయుసేనలో విమానాల ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేసి వచ్చారు. పైలట్ కాదు. పొద్దున్నే విమానం ఎక్కి, స్విచ్చులన్నీ పరీక్షించి, ఇంజిన్ వేసి చూసి, అంతా బాగుందంటే దిగి పైలట్‌కు అప్పగించే మనిషి. ఏడాదిగా ఆయనకు మతిమరుపు మొదలైంది. మొదట పేర్లు పోయాయి. తర్వాత ఒకరోజు మిక్సీ బాగుచేద్దామని విప్పి, మళ్లీ బిగించడం రాక, ఆ ముక్కల ముందు కూర్చుని ఏడ్చారట. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ వస్తువునూ ముట్టుకోవడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు.

"చేతులకు బాగా అలవాటైన పనేదైనా ఉంటే ఇవ్వమన్నారండీ డాక్టరు. ఆ విమానంలో స్విచ్చులు ఈయన కళ్లు మూసుకుని వేసేవారు. అదొక్కటి పోలేదని తెలిస్తే చాలు, మనిషి నిలదొక్కుకుంటారు," అన్నారామె. ఫోటోలు నా చేతిలో పెట్టి, "అదీ పోయిందని తెలిస్తే ఇంక నా వల్ల కాదు," అన్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని, నలుగురికీ తెలియడం ఆయనకు ఇష్టం లేదని మాట తీసుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. మా వైరింగ్ మనిషికి కూడా.

ఆ కాక్‌పిట్ మేం ప్రాణం పెట్టి చేశాం. ఫోటోలు గోడకు అంటించుకుని ఒక్కో స్విచ్చూ ఎక్కడుందో కొలుచుకుంటూ చేశాం. ఒకరోజు మావాడు, అదే ఆ వైరింగ్ మనిషి, ఆ ఫోటోల ముందు నిలబడి తల కొట్టుకున్నాడు.

"అన్నా, గీ ఫోటో తీసినోళ్లు మనుషులేనా? బండి ఆపిన్రు, నిచ్చెన ఏసిన్రు, దిగి పోయిన్రు. స్విచ్చులన్నీ ఆన్ల పెట్టే పోయిన్రు సూడు."

చూశాను. నిజమే, స్విచ్చులన్నీ కిందికే ఉన్నాయి. "మన సర్కారు దవాఖానాల ఫ్యాన్ల లెక్కనే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. బ్యాటరీ ఏమవుతుందో అన్న ఫికర్ కూడా లేదు వాళ్లకు అని కాసేపు తిట్టుకున్నాం కూడా. వైరింగ్ అయ్యాక పరీక్షించింది నేనే. ఒక్కో స్విచ్చూ కిందికి వేశాను, ఒక్కో దీపమూ వెలిగింది. శభాష్ అన్నాను.

వాళ్ల ఇల్లు ఉప్పల్‌లో ఒక గల్లీలో కింది అంతస్తు. స్కూటర్ పెట్టుకునే ముందు గది ఖాళీ చేసి ఉంచారు. తెరలు, కంప్యూటరు మేనల్లుడు ముందురోజే అమర్చి వెళ్లాడు. మేం గూడు దించి, తీగలు కలిపి, స్విచ్చులన్నీ ఆఫ్ చేసి పెట్టాం. మా లెక్కలో ఆఫ్ అంటే పైకి. ఆమె పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మావాడు రెండు నిమ్మకాయలు పట్టుకుని ఆ గూడు చుట్టూ తిరిగి, "టైర్లు లెవ్వు కదన్నా, గివి ఏడ పెట్టాలె?" అని అడిగాడు. ఆమె నవ్వేశారు. ఆ నవ్వు చూసి, అంతా సవ్యంగా జరుగుతుందని నాకు ధైర్యం వచ్చింది. ఇంక పెద్దాయన వస్తారనగా, నిమ్మకాయలు నేను తీసుకుని, అలవాటు ప్రకారం మావాణ్ని టీ తాగి రమ్మని పంపించాను.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చారు. వచ్చి వెంటనే ఎక్కలేదు. ఆ ప్లైవుడ్డు గూడు చుట్టూ ఒకసారి నడిచారు, వంగి కింద చూశారు, ఒకచోట చేత్తో తట్టారు. తర్వాత ఎక్కి కూర్చున్నారు. కుడివైపు స్విచ్చుల వరస మీద చూపు పడగానే ఆయన మొహం మారింది.

"ఎవడ్రా అన్నీ ఆన్ల వదిలిపెట్టి పోయింది?" అని గొణుక్కుంటూ వేలితో ఒక్కొక్కటీ కిందికి దించడం మొదలుపెట్టారు. మొదటిది దించగానే బ్యాటరీ దీపం వెలిగింది. తర్వాతివి దించేసరికి ప్యానెల్ అంతా వెలిగి, స్పీకర్లోంచి మోటార్ల మోత వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. మళ్లీ మెల్లగా బ్యాటరీ స్విచ్చు పైకి వేశారు. అంతా ఆరిపోయింది. కిందికి వేశారు. వెలిగింది.

విమానం దగ్గర పనిచేసే ఫిట్టరుకు అంతకంటే ఘోరం లేదని నాకు తర్వాత తెలిసింది. ఆఫ్ చేశాననుకున్నది ఆన్ అయితే, కింద ఎవడో చెయ్యి పెట్టి ఉంటాడు. ఆయన రెండు చేతులూ ఎత్తి, దేనికీ తగలకుండా, మెల్లగా దిగివచ్చారు. "చాలు. ఇది గూడ పోయింది నాకు," అన్నారు భార్యతో. మామూలుగానే అన్నారు.

"మీదేం తప్పు లేదండీ. ఆ మిషనే సరిగా లేదు," అన్నారామె.

"నువ్వెప్పుడు గట్లనే అంటవ్. తాళాలు పోతె నేనే తీసిన అంటవ్. పైసలు పోతె నేనే ఖర్చు పెట్టిన అంటవ్."

నాకు అప్పటికి బుర్ర వెలిగింది. ఆయన వేళ్లు ఎక్కడా తడబడలేదు. వరస తప్పలేదు. ప్రతి స్విచ్చూ సరిగ్గా తిరగబడింది, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా. మరిచిపోయినవాడు కొన్ని తప్పుతాడు, కొన్ని తప్పడు. అన్నీ తిరగబడ్డాయంటే తిరగేసి కట్టింది మేమే. "సార్, మాదే తప్పు. మేమే ఉల్టా కట్టినం," అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి తల ఊపారు. ఒక్క ముక్క నమ్మలేదు. ఎందుకు నమ్ముతారు? ఏడాదిగా ఇంటికొచ్చిన ప్రతివాడూ తప్పు తనమీద వేసుకుంటూనే ఉన్నాడు. పాలవాడు కూడా. నేను ఇంకొకణ్ని. నిజం చెబుతున్నాను, కానీ నా గొంతు కూడా ఓదార్చేవాళ్ల గొంతులాగే ఉంది. దాన్ని ఎలా మార్చాలో నాకు తెలియలేదు.

అప్పుడు టీ తాగి మావాడు గుమ్మంలోకి వచ్చాడు. నా చివరి మాట విన్నాడు.

"ఎవలు ఉల్టా కట్టిన్రన్నా? నా వైరింగ్‌ల తప్పా? ఎవడన్నడు?"

నేను కళ్లతో సైగ చేశాను. చేత్తో సైగ చేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే అనుకున్నాను. అతను నన్ను పక్కకు జరిపి పెద్దాయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"సార్, మీరు చెప్పుండ్రి. నా పనిల ఏం తక్కువైంది?"

"ఏం లేదు బిడ్డా. నేనే మర్చిపోయిన."

"ఏం మర్చిపోయిన్రు? బ్యాటరీ స్విచ్చు ఏది?"

పెద్దాయన ఆలోచించకుండా వేలు చూపించారు.

"మరి యాదికున్నది కద! ఏసుండ్రి."

"ఏస్తే ఆరిపోతున్నది."

"ఎటు ఏసిన్రు?"

"పైకి."

"పైకేస్తే ఆరిపోకుంట ఏం జేస్తది సార్?" మావాడి గొంతు గల్లీ చివరిదాకా వినిపించి ఉంటుంది. "పైకంటే ఆఫ్, కిందికేస్తే ఆన్! గింత పెద్ద హైదరాబాద్‌ల ఏ ఇంట్లకన్న పోయి సూడుండ్రి. పైకేస్తే ఫ్యాన్ తిరుగుతదా?"

ఆమె భయపడి ఒకడుగు ముందుకు వేశారు. ఏడాదిగా ఆ ఇంట్లో ఆయనతో ఎవరూ గొంతు పెంచలేదు. పెద్దాయన కళ్లు చిట్లించి మావాణ్ని కింది నుంచి పైదాకా చూశారు.

"ఇల్లు వేరు, విమానం వేరురా."

"కరెంటు ఒక్కటే కద సార్!"

"ఎవడ్రా నీకు పని నేర్పింది?"

ఆ గొంతు మేం అంతవరకు వినలేదు. ఆమె ఎప్పుడో విని ఉంటారు, అక్కడే ఆగిపోయారు. ఆయన మావాణ్ని రెక్క పట్టుకుని వరండాలో ఉన్న మీటరు బోర్డు దగ్గరికి లాక్కుపోయారు.

"ఇదేంది? ఇది ఎటేస్తే ఆన్?"

"అది ఎంసీబీ సార్. అది పైకే. అది స్విచ్చు గాదు."

"కరెంటు ఒక్కటే అన్నవ్ కదరా ఇప్పుడే!"

మావాడు ఓడిపోయే మనిషి కాదు. జేబులోంచి ఫోన్ తీసి, షెడ్డు గోడమీదినుంచి తీసిపెట్టుకున్న ఆ ఫోటో తెరిచాడు. "గిది సూడుండ్రి. నేను సొంతంగ ఏం కట్టలే. విమానం నిలవడ్డది, నిచ్చెన ఏసున్నది, మనిషి లేడు. స్విచ్చులన్నీ కిందికే ఉన్నయ్. ఉన్నయా లేవా?"

"ఉన్నయ్. మనిషి లేని విమానంల స్విచ్చులన్నీ ఆన్ల పెట్టి పోతర్రా?"

మావాడు నోరు తెరిచాడు. ఫోటో చూశాడు, పెద్దాయన్ని చూశాడు, నన్ను చూశాడు. "గదే సార్," అన్నాడు చివరికి, గొంతు దించి. "నేను గూడ గదే అనుకున్న. బ్యాటరీ ఖతమైతది కద, గీళ్లకు సోయి లేదా అని."

పెద్దాయన నవ్వారు. గోడకు చెయ్యి ఆనించుకుని, కళ్ల వెంట నీళ్లు వచ్చేలా నవ్వారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. నేను అక్కడే నిమ్మకాయలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజు నేను చూసింది మీకు చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. మనకు పని నేర్పేటప్పుడే కస్టమర్‌తో వాదించొద్దని నేర్పుతారు. నేనూ అదే నేర్పాను. కానీ ఆ మనిషికి మేమందరం కలిసి చేసింది ఏమిటంటే, ఆయన తప్పు అన్నా ఒప్పు అన్నా సరేననేవాళ్లం. తప్పు చేసినా తప్పు కాదన్నప్పుడు, ఒప్పు చేసినప్పుడు అది ఒప్పని ఎవరి నోట వింటే నమ్ముతాడు? తన మీద జాలి లేనివాడు ఒకడు వచ్చి, మొహం మీద నువ్వు చెప్పేది తప్పని కొట్లాడితే తప్ప ఆయనకు తాను గెలిచానని తెలియలేదు.

తర్వాత ఆయన దగ్గరుండి వైర్లన్నీ మార్పించారు. ప్రతి స్విచ్చు వెనకా ఒక వైరు విప్పి అవతలి కాలికి అతికించాలి. టార్చిలైటు ఆయనే పట్టుకున్నారు. టంకం ఎక్కువ పెట్టావని తిట్టారు, మళ్లీ తీయించారు. మావాడు పళ్లు కొరుకుతూ చేశాడు. అంతా అయ్యాక ఆయన ఎక్కి కూర్చుని, ఒక్కొక్క స్విచ్చూ పైకి వేసుకుంటూ, పేరు పైకి చదువుకుంటూ, ఇంజిన్ స్టార్ట్ చేశారు. ఆ చేతులు ఎక్కడా తడుముకోలేదు. కొంతసేపు మోత వింటూ కూర్చుని, అన్నీ ఆపి, దిగారు.

"ఎగరరా అండీ?" అని ఆమె ఆశగా అడిగారు.

"నేనెప్పుడు ఎగిరిన? పైలట్ వస్తడు," అన్నారాయన.

తర్వాత కూడా ఎప్పుడూ ఎగరలేదట. మేనల్లుడు ఎంత బతిమాలినా వినలేదట. పొద్దున ఎక్కడం, అన్నీ చూడడం, బాగుందని చెప్పి దిగడం. అంతే.

కొన్నాళ్లకు ఆమె ఫోన్ చేశారు. నేను కాక్‌పిట్‌లో ఏదో చెడిపోయిందనుకున్నాను. "అదేం కాదండీ. ఆ గొడవపడే అబ్బాయి ఆదివారాలు ఒకసారి ఇటు వచ్చి వెళ్తాడేమో అడుగుతారా?" అన్నారు. అప్పుడు నేను మావాడికి జబ్బు సంగతి చెప్పాను. చెప్పి, సూపర్‌వైజర్ బుద్ధి పోనిచ్చుకోక, "జర నిమ్మలంగ మాట్లాడు, ఆయనతోని ఎక్కువ కొట్లాడకు," అన్నాను. అతను చేతిలో ఉన్న పని పక్కన పెట్టాడు. తర్వాత, "గట్లయితే నేనెందుకన్నా, నువ్వే పో," అన్నాడు.

వెళ్లాడు. వాన పడినా వెళ్లాడు. వెళ్లడమూ అదే మాట మొదలుపెట్టడమూ. పైకి ఆన్ ఏంది సార్, దునియాల ఎక్కడన్న ఉన్నదా? పెద్దాయన లేచేవారు. పైకెత్తితే తెరుచుకునే కూరగాయల గంప మూత నుంచి, పైకెత్తితే నీళ్లొచ్చే కొళాయి దాకా ప్రతిదీ సాక్ష్యానికి తెచ్చేవారు. ఆమె ఇద్దరికీ ఇడ్లీలు పెట్టి, తలుపు దగ్గర కూర్చుని వినేవారట. జబ్బు ఆగే రకం కాదు. ముందు స్విచ్చుల వరస పోయింది. తర్వాత వాటి పేర్లు పోయాయి. కాక్‌పిట్ ఎక్కడం మానేశారు. మావాడి పేరు కూడా పోయింది. కానీ పైకా కిందికా అన్న కొట్లాట మాత్రం నిలిచి ఉంది. అది మొదలుపెడితే చాలు, ఎక్కడినుంచో ఆ పాత గొంతు వచ్చేదని మావాడు సోమవారం పొద్దున్నే నాకు చెప్పేవాడు. తాను ఎలా ఓడిపోయాడో చెప్పేవాడు. ఓడిపోయి అంత సంబరపడే మనిషిని నేను ఇంకొకణ్ని చూడలేదు.

నేను రిటైరయ్యే ముందు ఒక సోమవారం అతను షెడ్డు లోపలికి రాలేదు. బండి గేటు దగ్గర ఆపి, దానిమీదే కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లి ఏమైందిరా అని అడిగాను.

"నిన్న సారు ఒప్పుకున్నడన్నా."

"ఏమని?"

"కిందికేస్తేనే ఆన్ అని. నువ్వు జెప్పిందే రైట్ బిడ్డా అన్నడు." అతను చేతుల్లో తాళం చెవి తిప్పుతూ ఉన్నాడు. "నాకు భయమైంది. లేదు సార్, పైకే సార్, మీరే నేర్పిన్రు కద నాకు అన్న. మీటరు బోర్డు దగ్గరికి తోలుకపోయి సూపిచ్చిన. ఎంత జెప్పినా నా దిక్కు జూసి, సరే బిడ్డా సరే అంటడు. ఆయనకు సమజ్ గాలేదన్నా. నేను బాధపడుతున్న అనుకొని, నన్ను ఊరుకోబెడుతున్నడు."

ఆ రోజు అతన్ని పనిలోకి రమ్మని నేను అనలేదు. మందుల కంపెనీ షిఫ్టు వదిలారు. మా ముందునుంచి జనం పోతుంటే, గేటు పక్కన ఇద్దరం అట్లాగే ఉండిపోయాం.